పిల్లికూన తొలి సంవత్సరము

పల్లెటూరి గృహములలో పిల్లి లేని ఇల్లు అరుదు. అయినను పిల్లి తమదని చెప్పుకొను గృహస్థుడు అంతకంటె అరుదు. ఆవునకు జబ్బు చేసినచో పశువైద్యశాలకు తోలుకొనిపోవుదురు. గొర్రెలకు కాలము తప్పక నట్టల మందు త్రాగింతురు. కోడిపిల్లలకు సైతము టీకా వేయించువారు నేడు కలరు. పిల్లికూన మాత్రము దాని అదృష్టముపై బ్రతుకుచున్నది. పుట్టిన నాలుగు కూనలలో రెండు చచ్చినను, ఇంటివారు “పిల్లిపిల్లలు నిలువవు” అని ఊరకుందురు. అవి ఏల నిలువవో, నిలుపుటకు ఏమి చేయవలెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామీణ సోదరులను, ముఖ్యముగా గృహిణులను ఉద్దేశించి మేము దీనిని వ్రాయుచున్నాము. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము ఈ మూడింటిలో చాలభాగము వరంగల్లు జిల్లాలోనిదే. జనగామ వైపు వరి, ప్రత్తి. మానుకోట వైపు మిరప, మొక్కజొన్న. భూపాలపల్లి వైపు అడవి అంచు పల్లెలు, బొగ్గుగనుల బస్తీలు. పంటలు వేరైనను ఎలుకల బాధ అన్నిచోట్ల ఒక్కటే. ధాన్యపు బస్తా కొరుకుట, తిన్నదానికంటె ఎక్కువ పాడుచేయుట, రోగములను వ్యాపింపజేయుట ఎలుక స్వభావము. మానవుడు ధాన్యము నిలువ చేయుట నేర్చిన నాటినుండి ఎలుక వెంటబడినది. ఎలుక వెంట పిల్లి వచ్చినది. సైప్రసు ద్వీపములో సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధియందు ఒక మనుష్యుని అస్థిపంజరము ప్రక్కనే ఒక పిల్లి అస్థిపంజరము బయల్పడినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ పిల్లి వయస్సు సుమారు ఎనిమిది మాసములు. అనగా అదియు ఏడాది నిండని కూనయే. ఇంత పాత చుట్టమునకు మొదటి ఏడాదియైనను మనము అండగా నిలుచుట న్యాయము.

మరియొక కారణము కలదు. అది న్యాయముకంటె బలమైనది. ఇంటిలోని పిల్లలు రోజంతయు ఎత్తుకొని ఆడుకొను జంతువు పిల్లికూన. దాని రోగములలో కొన్ని మనకును వచ్చును. వానిలో రేబిస్ అను పిచ్చివ్యాధి ఒకసారి లక్షణములు పొడసూపినచో దాదాపు ఎవరిని విడువదు. కావున కూన సంరక్షణ అనునది ఇంటి బిడ్డల సంరక్షణలో ఒక భాగమని గ్రహింపవలెను.

తొలి నాలుగు వారములు

పిల్లి 63 మొదలు 65 దినముల వరకు గర్భము మోయును. పుట్టిన కూన సుమారు 100 గ్రాములు తూగును. కన్నులు మూసికొని యుండును, చెవులు వినబడవు. 7 మొదలు 14 దినములలో కన్నులు విప్పును. ఈ దినములలో కన్నులను వ్రేళ్ళతో విప్ప ప్రయత్నింపరాదు. కన్ను విప్పకమునుపే రెప్ప క్రింద ఉబ్బినను, చీము కనబడినను అది రోగ లక్షణము. వెంటనే పశువైద్యునికి చూపవలెను.

పుట్టిన తొలి గంటలలో తల్లి ఇచ్చు ముర్రుపాలు కూనకు తొలి రక్షణ. దూడకు ముర్రుపాలు ఎంత అవసరమో రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. కూన విషయమునను అంతే. రోగములను ఎదుర్కొను శక్తి ఆ పాల ద్వారా కూన రక్తములోనికి చేరును. సుమారు 16 గంటలు గడచిన పిదప కూన ప్రేగులు ఆ శక్తిని గ్రహింపజాలవు. కావున పుట్టిన దినమున కూనలను తల్లినుండి వేరు చేయుట, చుట్టుప్రక్కలవారికి పంచిపెట్టుట ఎంతమాత్రము తగదు.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మనవారందురు. అది వట్టి అలవాటు కాదు. మనుష్యుల అలికిడి, కుక్క వాసన, ఎండ, తడి సోకినప్పుడు తల్లి తన సంతానమును భద్రమైన చోటికి మార్చును. మాటిమాటికి తొంగిచూచుట, పిల్లలను ఎత్తి చూపించుట వలన తల్లి కలవరపడి కూనలను అటునిటు మోయును. అట్లు మోయునపుడు ఒకటి రెండు దారిలో జారి పోవుటయు కలదు. గాదె వెనుకనో, కొట్టములో ఒక మూలనో పాత గుడ్డలు పరచిన గంపనో అట్టపెట్టెనో ఉంచి, తల్లికి నీరు, ఆహారము దగ్గరలో పెట్టినచో అది అక్కడనే నిలుచును.

మొదటి మూడు నాలుగు వారములలో కూన తన శరీరపు వేడిని తాను నిలుపుకొనజాలదు. చలిమాసములలో పుట్టిన కూనలు ఆకలికంటె చలివలననే ముందు చచ్చును. చలికాలపు రాత్రులలో గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి గంపలో ఒక ప్రక్కన ఉంచవలెను. వేడి ఎక్కువైనచో కూన తొలగిపోవుటకు రెండవ ప్రక్క ఖాళీగా ఉండవలెను.

కూన ఆరోగ్యమును కనిపెట్టుటకు అన్నిటికంటె సులభమైన సాధనము త్రాసు. వంటింటి త్రాసో, కిరాణా దుకాణపు త్రాసో చాలును. దినమునకు 10 మొదలు 15 గ్రాముల వరకు బరువు పెరుగవలెను. పుట్టినప్పటి బరువు రెండు వారములలోపు రెట్టింపు కావలెను. నెలనాటికి సుమారు 400 గ్రాములు తూగుట మంచి గుర్తు. వరుసగా రెండు దినములు బరువు పెరుగనిచో ఏదియో లోపమున్నదని తెలిసికొనవలెను.

తల్లి లేని కూన

తల్లి రోడ్డుపై చనిపోయియో, విషము తినియో కూనలు అనాథలగుట పల్లెలలో తరచుగా జరుగుచున్నది. అప్పుడు ఇంటివారు జాలితో గిన్నెలో ఆవుపాలు పోసి కూన ముందుంచుదురు. ఉద్దేశము మంచిదేకాని ఫలితము మంచిది కాదు. ఆవుపాలలో కంటె పిల్లిపాలలో మాంసకృత్తులు రెట్టింపునకు పైగా ఉండును. ఆవుపాలలోని చక్కెర కూన కడుపునకు సరిగా అరుగదు. విరేచనములు పట్టి, నీరు పోయి, ఒకటి రెండు దినములలో కూన వాడిపోవును.

పిల్లికూనలకై తయారగు పాలపొడి పట్టణములలోని పెంపుడు జంతువుల దుకాణములలో దొరకును. దానిని డబ్బాపై వ్రాసిన కొలత ప్రకారము కలిపి గోరువెచ్చగా ఇవ్వవలెను. అది దొరకు వరకు ఏమి ఇవ్వవలెనో పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. మొదటి వారములో రెండు మూడు గంటలకొకమారు, పగలును రాత్రియు పట్టవలెను. ఇందు మూడు సూత్రములను మరువరాదు.

ఒకటి: చల్లబడిన కూనకు పాలు పట్టరాదు. ముందు ఒడిలో, గుడ్డలో ఉంచి మెల్లగా వెచ్చబరచి పిదపనే పాలు పట్టవలెను. చల్లని కడుపు పాలను అరిగించుకొనజాలదు.

రెండు: పసిబిడ్డవలె వెల్లకిల పరుండబెట్టి పాలు పట్టరాదు. తల్లి పొట్టక్రింద ఉన్నట్లు బోరగిల ఉంచియే పట్టవలెను. లేనిచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును.

మూడు: పాలు పట్టిన ప్రతిసారి గోరువెచ్చని నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో కూన పొట్ట క్రిందిభాగమును, ఆసనమును మెల్లగా తుడువవలెను. తల్లి నాకుట వలననే మూడు వారముల లోపు కూనకు మలమూత్రములు వెడలును. ఈ సంగతి తెలియక పాలు పట్టుచు వచ్చినచో, కడుపు ఉబ్బి కూన చనిపోవును.

ఆహారము

నాలుగవ వారమున కూనకు పలుచని మెత్తని ఆహారము నాకించుట ఆరంభింపవచ్చును. ఎనిమిదవ వారమునకు పాలు మాన్పించుట పూర్తియగును. అంతవరకు కూనను తల్లి వద్దనే ఉంచుట మేలు. రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు కూన ఎవరి చేతులలో మెలగునో వారిజాతికి మచ్చిక యగును. ఈ వారములలో దినమునకు కొంతసేపు మెత్తగా చేతులలోనికి తీసికొనవలెను. అట్లు పెరిగిన కూన పెద్దదైన పిదప గీరుట, కరచుట తక్కువ.

పిల్లి పాలన్నముతో బ్రతుకునని మన నమ్మకము. ఇది సగము సత్యము మాత్రమే. పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అను పదార్థము దాని శరీరములో చాలినంత తయారుకాదు. మాంసము, చేపల నుండియే లభింపవలెను. ఇది కొరతపడినచో పిల్లి కంటిచూపు పోవునని 1975లోను, గుండె బలహీనపడి వ్యాకోచించునని 1987లోను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కేవలము పెరుగన్నము, పాలన్నము పెట్టు శాకాహార గృహములలోని పిల్లి ఎలుకలను, పిట్టలను, తొండలను పట్టితిని ఆ లోటు కొంత తీర్చుకొనును. వేటాడ వయస్సు రాని కూనకు ఆ మార్గము లేదు. శాకాహారులైన గృహస్థులు పిల్లుల కొరకు తయారైన ఆహారమును కొని పెట్టవచ్చును.

మాంసాహారులు కోడి గుండెకాయ, కందనకాయ, ముక్కలు, చిన్న చేపలు ఉడికించి, ఎముకలు, ముండ్లు తీసి కొద్ది అన్నముతో కలిపి పెట్టవచ్చును. ఉడికిన కోడిగుడ్డు మంచిది. కార్జము వారమునకు ఒకటి రెండు మార్లు కొద్దిగా చాలును. ప్రతిదినము కార్జమే పెట్టినచో విటమిన్-ఏ మితిమీరి ఎముకలకు చేటు కలుగును. పచ్చిమాంసము పెట్టరాదు. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో గ్రుచ్చుకొనును. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరముక్కలు పిల్లి రక్తమును చెరచును. కారము సంగతి చెప్పనే అక్కరలేదు. శుభ్రమైన నీరు ఎల్లవేళల ఉండవలెను. మన ఎండకాలములో మరీ ముఖ్యము.

“తిండి పెట్టిన పిల్లి ఎలుకలను పట్టదు” అని కొందరు కూనను ఆకలితో ఉంచుచున్నారు. వేటాడు గుణము పిల్లికి ఆకలివలన మాత్రమే వచ్చినది కాదు. కడుపు నిండిన పిల్లియు ఎలుక కదలినచో ఊరకుండదు. ఆకలిగొన్న కూన ఎలుకలను పట్టుటకు బదులు పొరుగింటి ఉట్టిని చూచును, ఊరి చివర పడవేసిన కళేబరమును చూచును, రోగములను తెచ్చుకొనును. పెద్ద పందికొక్కుల జోలికి మాత్రము పిల్లి సామాన్యముగా పోదని గుర్తుంచుకొని, వానికి వేరుపాయములు చూచుకొనవలెను.

నట్టలు, పేలు, పిడుదులు

కడుపు కుండవలె ఉబ్బి, వెన్నెముక తేలి, వెండ్రుకలు బిరుసెక్కిన కూనను చూచి “బాగుగా తిన్నది” అని భ్రమపడువారు కలరు. అది నట్టల లక్షణము. ఏలికపాములవంటి నట్టలు తల్లిపాల ద్వారానే కూనకు సంక్రమించును. కావున రెండు మూడు వారముల వయస్సునుండియే పశువైద్యుడు తూకము చూచి చెప్పిన మోతాదులో నట్టల మందు ఇచ్చుట ఆరంభించి, రెండేసి వారములకు ఒకమారు ఎనిమిదవ వారము వరకు, పిదప నెలకొకమారు ఆరవ మాసము వరకు, ఆపైన మూడు మాసములకొకమారు ఇవ్వవలెను. తల్లికిని అదే సమయమున మందు వేయవలెను. గొర్రెలకు తెచ్చిన సీసాలోని మందును అందాజుగా కూన నోట పోయరాదు. అర కిలో జంతువునకు చుక్క ఎక్కువైనను ప్రమాదమే.

మలములోను, తోక దగ్గరను బియ్యపు గింజలవంటివి అంటుకొని కనబడినచో అవి బద్దెపురుగు ముక్కలు. వెండ్రుకల మధ్య గెంతుచు తిరుగు చిన్న పేలవంటి పురుగులను కూన నాకి మ్రింగుట వలన ఇది వచ్చును. ఆ పురుగులు మిక్కుటమైనచో రక్తమును పీల్చి చిన్న కూనను చంపగలవు. చిగుళ్ళు తెల్లబారుట దీనికి గుర్తు. సన్నని దువ్వెనతో దినమును దువ్వి, పురుగులను సబ్బునీటిలో వేయుట, పరచిన గుడ్డలను వేడినీట ఉడికించి ఎండలో ఆరవేయుట ప్రతి ఇంట చేయదగిన పని.

ఇచ్చట ఒక హెచ్చరిక. పశువుల పిడుదులకు చల్లు మందును పిల్లికి పూయరాదు. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అను మందులు ఎద్దునకు, బఱ్ఱెకు మేలుచేయునవే అయినను పిల్లికి విషములు. పిల్లి కాలేయము వానిని విరిచివేయజాలదు. వణకు, ఈడ్పులు వచ్చి గంటలలో ప్రాణము పోవచ్చును. కుక్కకు తెచ్చిన పేలమందును వాడుటయు ఇట్టిదే. కూన వయస్సును, బరువును చెప్పి పిల్లికి తగిన మందును వైద్యునివద్ద వ్రాయించుకొనవలెను.

టీకాలు

తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ కొన్ని వారములలో క్రమముగా తగ్గిపోవును. అది తగ్గిన పిదప, టీకా పని ఆరంభింపకమునుపు కూన నిరాయుధముగా ఉండును. రోగములు కాచుకొనునది ఆ సమయమునే. పాలరక్షణ ఇంకను మిగిలియున్నప్పుడు వేసిన టీకాను ఆ రక్షణయే పనిచేయనీయదు. ఏ కూనలో అది ఏ వారమున తొలగునో బయటికి తెలియదు. అందుచేతనే టీకాను ఒక్కమారు వేసి ఊరకుండక, 6 మొదలు 8 వారముల వయస్సున మొదటిది వేసి, మూడు నాలుగు వారములకొకటి చొప్పున 16 వారములు నిండువరకు మరల మరల వేయుదురు. ఒక్క సూదితో సరిపెట్టినవారు “టీకా వేయించినను చచ్చినది” అని వాపోవుటకు కారణమిదియే. ఆరవ మాసము మొదలు సంవత్సరాంతము లోపల మరియొక టీకా వేయింపవలెను.

ఈ టీకా ముఖ్యముగా మూడు రోగములనుండి కాపాడును. అందు ఘోరమైనది పాన్‌ల్యూకోపీనియా. జ్వరము, వాంతులు, విరేచనములు, నీటిగిన్నెపై తల వ్రేలవేసి త్రాగలేకుండుట దీని లక్షణములు. రక్తములోని తెల్లకణములు నశించి కూన రెండు మూడు దినములలో చనిపోవచ్చును. దీని సూక్ష్మజీవి ఇంటి నేలలో, గంపలో, గుడ్డలో ఒక సంవత్సరము వరకు బ్రతుకగలదు. ఒక ఈత కూనలు చచ్చిన మూలలోనే మరుసటి ఈత కూనలును చచ్చుటకు ఇదియే హేతువు. దృష్టిదోషము కాదు, ఇంటి దోషమును కాదు. ఆ గంపను, గుడ్డలను కాల్చివేసి, నేలను కడిగి, ఒక పాలు బ్లీచింగు ద్రవమునకు ముప్పది పాళ్ళు నీరు కలిపి తుడిచి, పది నిమిషములు తడిగా ఉంచవలెను. భూపాలపల్లి అడవి అంచు గ్రామములవారు మరియొక విషయము గమనింపవలెను. జంగుపిల్లి, చిరుత, పులి పిల్లికి జ్ఞాతులు. ఊరి పిల్లి రోగము అడవి పిల్లికి, అడవి రోగము ఊరి పిల్లికి అంటగలదు. చచ్చిన పిల్లిని అడవిలోనికి విసరివేయక, లోతుగా పూడ్చవలెను.

మిగిలిన రెండు రోగములు హెర్పిస్, కాలిసి అను వైరసుల వలన వచ్చు జలుబులు. కన్నులు పుసులు గట్టుట, ముక్కు కారుట, నాలుకపై పుండ్లు వీని గుర్తులు. ముక్కు మూసుకొనిపోయిన కూన వాసన తెలియక తిండి మానును; తిండి మానిన కూన త్వరలో క్షీణించును. కన్నులను ఉప్పు కలిపి కాచి చల్లార్చిన నీటితో తుడుచుచు వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

రేబిస్: ఇంటిల్లిపాదికి సంబంధించిన విషయము

రేబిస్ టీకాను కూనకు మూడు మాసములు నిండగానే వేయింపవలెను. మరుసటి సంవత్సరము మరల, పిదప వైద్యుడు చెప్పినట్లు క్రమము తప్పక వేయించుచుండవలెను. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధికి బలియగుచున్నారని అంచనా. అందు ఎక్కువమంది ఆసియా, ఆఫ్రికాలలోని పల్లెటూరి పేదలు, పిల్లలు. మన దేశములో ఇది ప్రధానముగా కుక్కకాటు వలన వచ్చుచున్నది. పిచ్చికుక్క కరచిన పిల్లియు పిచ్చిదగును. దాని కాటు కుక్కకాటువలెనే ప్రాణాంతకము.

1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరు ప్యారిసులో పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి తన టీకాను వేయించి కాపాడెను. ఆ జూలై 6వ తేదీనే జంతువులనుండి మనుష్యులకు సంక్రమించు వ్యాధుల దినముగా లోకము పాటించుచున్నది. ఆనాడు పశుసంవర్ధక శాఖవారు పెంపుడు జంతువులకు రేబిస్ టీకాలను ఉచితముగా వేయు శిబిరములు జరుపుట ఆనవాయితీ. కుక్కలను తీసికొనిపోవువారు పిల్లులను ఇంటివద్ద మరచుచున్నారు. వానిని కూడ తీసికొనిపోవలెను.

ఒక ఇంట ఆరేండ్ల బిడ్డ వీధినుండి తెచ్చిన కూనతో ఆడుకొనుచుండగా అది చేతిని గీరి, పంటితో చిన్నగా గాటుపెట్టినదనుకొందము. గాయము చీమ కుట్టినంత. తల్లి పసుపు అద్ది ఊరకుండెను. ఈ ఊరకుండుటలోనే అపాయమున్నది. గాయపు పరిమాణమును బట్టి రేబిస్ రాదు. అప్పుడు చేయవలసినవి ఇవి: గాయమును పారు నీటిలో సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగవలెను. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు, కట్టు బిగింపరాదు. అదే దినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, ప్రభుత్వ ఆసుపత్రికో పోవలెను. చర్మములో వేయు పద్ధతిలో టీకాను 0, 3, 7, 28 దినములలో వేయుదురు. ‘0’ దినమనగా మొదటి టీకా వేసిన దినము. రక్తము వచ్చిన గాయమునకు టీకాతోపాటు గాయము చుట్టును రేబిస్ ఇమ్యూనోగ్లోబులిన్ కూడ ఇవ్వవలెను.

బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు వేయుదురని పెద్దలు చెప్పిన మాట విని భయపడి ఆసుపత్రికి పోనివారు ఇప్పటికిని కలరు. అది గొర్రె మెదడునుండి తీసిన పాత టీకా కాలపు మాట. ఆ టీకా ఈ శతాబ్దారంభముననే మన దేశములో నిలిచిపోయినది. నేటి టీకా భుజమునకు వేయుదురు, బాధ స్వల్పము.

కరచిన కూనను చంపరాదు, తరుమరాదు. పది దినములు కట్టుదిట్టముగా ఉంచి గమనింపవలెను. పది దినముల తరువాత కూడ అది ఆరోగ్యముగా ఉన్నచో కాటువేసిననాడు దానికి అంటించు దశ లేదని వైద్యుడు నిర్ణయించి టీకాల విషయము చెప్పును. కాని ఆ పది దినములు వేచియుండి పిదప టీకా వేయింతమనుట తగదు; టీకా ముందు, గమనించుట దానితోపాటు. కారణము లేక మీదపడుట, గొంతు మారుట, చొల్లు కారుట, వెనుకకాళ్ళు పడిపోవుట కనబడిన పిల్లి నోటిలో ముల్లున్నదేమో యని వ్రేలు పెట్టి చూడరాదు.

ఇంటిలోని విషములు

కూన మరణములలో కొన్ని మన చేతులమీదుగానే జరుగుచున్నవి. జ్వరము వచ్చినదని మనుష్యుల పారాసిటమాల్ మాత్ర ఇచ్చుట అందు మొదటిది. మనకు మేలుచేయు ఆ మాత్ర పిల్లి రక్తమును విషపూరితము చేయును. ఒక్క మాత్ర ఒక్క పిల్లిని చంపగలదు. చిగుళ్ళు గోధుమరంగునకు మారుట, ముఖము వాచుట, ఆయాసము దాని గుర్తులు. మనుష్యుల మందు ఏదియు పిల్లికి ఇవ్వరాదు.

రెండవది ఎలుకల మందు. జింకు ఫాస్ఫైడు కలిపిన ఎరను కూన తినవచ్చును, తినిన ఎలుకను పట్టవచ్చును. బ్రోమడియోలోన్ బిళ్ళలు రక్తమును గడ్డకట్టనీయక కొన్ని దినముల తరువాత లోలోపల రక్తస్రావము కలిగించును. సమయమునకు తీసికొనిపోయినచో విటమిన్-కె తో వైద్యము చేయవచ్చును. ఇంటిలో పిల్లి ఉన్నప్పుడు ఎరను వాడక బోనులు వాడుట క్షేమము. పొలమున ఎర పెట్టినచో చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చవలెను. విషము తిన్న కూన వచ్చినచో మందు డబ్బాను వెంట తీసికొనిపోవలెను; వైద్యునికి సగము పని అదియే చేయును.

మూడవది పురుగుమందు. ప్రత్తి, మిరప చేలలో మందు కొట్టి వచ్చిన బట్టలను వసారాలో విప్పి పడవేయుట మన అలవాటు. కూన వానిపై పండుకొని, పిదప తన ఒడలు నాకుకొనును. ఆ బట్టలను వెంటనే ఉతుకుట కూనకే కాదు, ఇంటి బిడ్డలకును రక్ష.

సంతాన నిరోధము

ఆడకూన నాలుగైదు మాసములకే ఎదకు రావచ్చును. ఉగాదికి పుట్టిన కూన దీపావళి నాటికి తానే తల్లి కాగలదు. ఒక పిల్లి ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. ఇన్ని కూనలను ఏ ఇల్లు భరింపగలదు? గోనెసంచిలో కట్టి ఊరి బయట వదలిపెట్టుట ఎవరికిని గౌరవము కాదు. ఆకలిచే చచ్చినవి చావగా, బ్రతికినవి టీకాలు లేని అడవిమృగములవలె తిరుగును. నాలుగు ఐదు మాసముల వయస్సున శస్త్రచికిత్స చేయించుట ఉత్తమ మార్గము. మగపిల్లికి చేయించినచో పోట్లాటలు, తిరుగుళ్ళు తగ్గి గాయములు, కాట్లు తగ్గును. ఒక్కసారి ఈనిన తరువాతనే చేయించవలెనను నమ్మకమునకు ఆధారము లేదు. ఆపరేషను ఆడపిల్లిని ఎలుకలు పట్టకుండ చేయదు.

గృహిణులకు ఒక మాట

పిల్లి మలములో టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి యుండవచ్చును. గర్భిణికి కొత్తగా సోకినచో గర్భస్థ శిశువునకు హాని కలుగవచ్చును. అయితే భయపడి పిల్లిని వెడలగొట్టనక్కరలేదు. మలములో పడిన ఆ జీవి అంటుకొను శక్తి పొందుటకు ఒకటి మొదలు అయిదు దినములు పట్టును. కావున ప్రతిదినము మలమును ఎత్తి పూడ్చినచో అపాయము చాలవరకు తొలగును. ఆ పనిని గర్భిణి కాక మరియొకరు చేయవలెను. కూరగాయలను బాగుగా కడుగుట, మాంసమును బాగుగా ఉడికించుట కూడ అంతే అవసరము. కూన ఒంటిపై గుండ్రముగా వెండ్రుకలు రాలి పొలుసులు లేచినచో అది తామర. అది బిడ్డలకును అంటును. కూనను తాకిన పిదప చేతులు కడుగుకొనుట బిడ్డలకు నేర్పవలెను.

వైద్యునివద్దకు తీసికొనిపోవు విధము

మొదట దగ్గరి పశువైద్యశాలలో అడుగవలెను. అచ్చట పశువులకు, గొర్రెలకు కావలసిన మందులు ప్రధానముగా ఉండును. పిల్లుల టీకా ఎల్లప్పుడు ఉండకపోవచ్చును. కావున ముందుగానే అడిగి, అయిదారు ఇండ్లవారు కలిసి ఒకే దినమున వచ్చునట్లు నిర్ణయించుకొనినచో వైద్యుడు టీకాను తెప్పించుట సులభమగును. పెద్ద రోగములకు, శస్త్రచికిత్సకు వరంగల్లు పోవలసి రావచ్చును. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల వరంగల్లు సమీపమున మామునూరులో కలదు. జనగామ, మహబూబాబాద్ వారికి కాజీపేట వరకు రైలు సౌకర్యము కలదు. భూపాలపల్లి వారు రోడ్డు మార్గమున పోవలెను.

ప్రయాణమునకు గోనెసంచి పనికిరాదు. ఊపిరాడదు, కూన బెదరును. మూతగల వెదురుబుట్టలో అది రోజును పండుకొను గుడ్డను పరచి, పైన పలుచని బట్ట కప్పవలెను. పుట్టిన దినము, తూకము, ఇచ్చిన మందులు, వేసిన టీకాలు ఒక చిన్న పుస్తకములో వ్రాసి ఉంచవలెను. బడికి పోవు బిడ్డకు ఈ పని అప్పగించినచో కూనకును, బిడ్డకును మేలు.

సంవత్సర పంచాంగము

జ్ఞాపకము కొరకు పై విషయములను క్రమముగా ఇచ్చట కూర్చుచున్నాము.

పుట్టిన దినము: ముర్రుపాలు, వెచ్చదనము.
2–3 వారములు: మొదటి నట్టల మందు, మచ్చిక ఆరంభము.
4 వారములు: మెత్తని ఆహారము ఆరంభము.
6–8 వారములు: మొదటి టీకా, పాలు మాన్పించుట.
10–12 వారములు: రెండవ టీకా, 3 మాసములు నిండగానే రేబిస్ టీకా.
16 వారములు: చివరి విడత టీకా.
4–5 మాసములు: సంతాన నిరోధ శస్త్రచికిత్స.
6 మాసములు: పాలపండ్లు రాలి 30 శాశ్వత దంతములు వచ్చుట పూర్తి, నోరు పరీక్షింపవలెను. ఇక నట్టల మందు మూడు మాసములకొకమారు.
12 మాసములు: తూకము, పరీక్ష, ఇదివరకు వేయనిచో మరుమోతాదు టీకా. రేబిస్ టీకా మొదటిది వేసి సంవత్సరము నిండగానే రెండవది.

ఇందు పెద్ద ఖర్చుతో కూడినవి కొన్నియే. వెచ్చని గంప, ఉడికిన ఆహారము, శుభ్రమైన నేల, సబ్బుతో గాయము కడుగుట, విషమును దూరముగా ఉంచుట ప్రతి గృహస్థునకు సాధ్యములే. ఖర్చుతో కూడిన వానిలో ఒక్కటే చేయగల శక్తి ఉన్నచో రేబిస్ టీకాను ముందు వేయింపుడు. వచ్చు జూలై 6వ తేదీన మీ గ్రామమునకు సమీపమున శిబిరము ఎచ్చట జరుగునో ఇప్పుడే మీ పశువైద్యశాలలో విచారింపుడు. ఆనాడు కుక్కవెంట పిల్లిని కూడ బుట్టలో తీసికొనిపొండు.